ఓకే నొక్కింది అమ్మేనా?

పదేళ్ల పిల్లాడు ఏదో గేమ్ సైట్‌లో అకౌంట్ తెరుస్తున్నాడనుకోండి. పుట్టిన తేదీ అడిగితే పాపం నిజమే చెప్పాడు. "అయితే మీ అమ్మది గానీ నాన్నది గానీ ఈమెయిల్ ఇవ్వు, వాళ్ల అనుమతి కావాలి" అంది సైటు. వాడు పక్క ట్యాబ్‌లో ఇంకో మెయిల్ ఐడీ తెరిచి అది ఇచ్చాడు, దానికొచ్చిన లింకు కూడా వాడే నొక్కాడు, అయిపోయింది. సైటు లెక్కలో తల్లిదండ్రుల అనుమతి వచ్చేసినట్టే. తేదీ, టైము, ఐపీ అడ్రస్‌తో సహా డేటాబేస్‌లో ఒక వరుస పడింది, రేపు ఎవరైనా ఆడిట్‌కి వస్తే చూపించుకోవడానికి.

వెబ్‌సైట్లు కట్టే పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి ఈ తంతును లోపలి వైపు నుంచి చూస్తుంటాను. తల్లిదండ్రుల అనుమతిని వెరిఫై చేస్తున్నాం అని మా వాళ్లంతా ధీమాగా చెప్పుకుంటాం గానీ, ఇప్పుడు వాడుకలో ఉన్న పద్ధతుల్లో చాలావరకు తేల్చగలిగేది ఒక్కటే, అవతల వయసొచ్చిన మనిషి ఒకరు ఉన్నారని. ఆ మనిషి ఈ పిల్లాడికి ఏమవుతారో, చదివి ఒప్పుకున్నారో చదవకుండా ఒప్పుకున్నారో వాటికి తెలీదు. బలహీనమైన పద్ధతులైతే ఆ వయసు సంగతి కూడా తేల్చలేవు. ఈ పరిమితిని ఒప్పుకుని కట్టిన సైటుకీ, అది లేనట్టు నటించి కట్టిన సైటుకీ చాలా తేడా ఉంటుందని నా అభిప్రాయం.

ఈ గొడవ కొత్తదేం కాదు. 1998లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పిల్లల కోసం నడిచే 212 సైట్లను పరిశీలించి కాంగ్రెస్‌కు రిపోర్టు ఇచ్చింది. వాటిలో 89 శాతం పిల్లల నుంచి వ్యక్తిగత వివరాలు తీసుకుంటున్నాయి. ముందు ఇంట్లో అడగమని పిల్లలకు చెప్పినవి 23 శాతం, తల్లిదండ్రులకు మేమే తెలియజేస్తాం అన్నవి 7 శాతం. అదే ఏడాది అక్టోబర్‌లో కోప్పా అని అందరూ పిలిచే చట్టం వచ్చింది, 2000 ఏప్రిల్ 21 నుంచి దాని నియమాలు అమలయ్యాయి. 13 ఏళ్లలోపు పిల్లల వివరాలు తీసుకోవాలంటే ముందుగా తల్లిదండ్రుల నుంచి వెరిఫై చేయదగిన అనుమతి తీసుకోవాలి, స్థూలంగా అదీ చట్టం.

ఆ చట్టం ఎక్కడా నిరూపించి తీరాలి అనదు. అందుబాటులో ఉన్న టెక్నాలజీని బట్టి సబబైన ప్రయత్నం చేయాలి అంటుంది. యూరప్ వాళ్ల డేటా రక్షణ చట్టం జీడీపీఆర్‌లో 8వ ఆర్టికల్‌ది కూడా దాదాపు ఇదే ధోరణి. అంటే చట్టం రాసినవాళ్లకే తెలుసు, తెర అవతల ఉన్నది ఎవరో నూటికి నూరు పాళ్లు తేల్చే దారి లేదని. ఆ 'సబబైన' అన్న మాటలో ఎంత దూరం వెళ్లాలన్నదే పాతికేళ్లుగా నడుస్తున్న వాదన.

మొదట్లో ఒప్పుకున్న పద్ధతులు ఇప్పుడు చదివితే నవ్వొస్తుంది. ఫారం ప్రింట్ తీసి, సంతకం పెట్టి, పోస్టులో పంపాలి, లేదా ఫ్యాక్స్ చేయాలి. లేకపోతే టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేస్తే శిక్షణ ఉన్న మనిషి మాట్లాడి, అవతలిది పెద్దవాళ్ల గొంతే అనిపిస్తే ఒప్పుకుంటాడు. లేదా క్రెడిట్ కార్డుతో ఏదైనా కొనాలి. నవ్వొచ్చినా ఈ కార్డు పద్ధతిలో ఒక తెలివి ఉంది, చాలామంది దాన్ని సరిగ్గా పట్టుకోరు. కార్డు నంబరు ఉందంటే పెద్దవాళ్లే అనుకోవడం అసలు విషయం కాదు, ఆ నంబరు పిల్లలు కూడా చూసి కొట్టగలరు. డబ్బు కట్ అయితే కార్డు సొంతదారుడికి స్టేట్‌మెంట్‌లో కనపడుతుంది, మెసేజ్ వస్తుంది, "ఇదేంటి, నేను చేయలేదే" అని అడిగే అవకాశం ఉంటుంది. అంటే ఆ పద్ధతి బలం ముందు జరిగే చెకింగ్‌లో కన్నా తర్వాత వేరే దారిలో వెళ్లే కబురులో ఉంది. పిల్లాడి చేతిలో లేని దారి అది. నేను ఏ అనుమతి పద్ధతిని చూసినా మొదట వెతికేది ఇదే, ఈ కబురు పిల్లాడి చెయ్యి దాటి ఎక్కడికైనా వెళ్తోందా లేదా.

ఈమెయిల్ పద్ధతి పుట్టింది ఈ కష్టాలకి విరుగుడుగా. తల్లిదండ్రులకు మెయిల్ పంపాలి, వాళ్లు ఒప్పుకున్నాక కొంత ఆగి ఇంకోసారి మెయిల్ పంపో, ఫోన్ చేసో ఖరారు చేసుకోవాలి. ఆ రెండో అడుగు ఉంది కాబట్టి దీన్ని ఈమెయిల్ ప్లస్ అంటారు. పిల్లల వివరాలు సైటు లోపలి అవసరాలకు మాత్రమే వాడుకుని, బయటివాళ్లకు ఇవ్వకుండా, బహిరంగంగా పెట్టకుండా ఉంటేనే ఇది చెల్లుతుంది. దీన్ని తాత్కాలికం అన్నారు, ఇంతకన్నా మంచి టెక్నాలజీ వచ్చేవరకే అని 2002 దాకా గడువు పెట్టారు. తర్వాత 2005కు జరిపారు. 2006లో ఇక గడువే తీసేశారు. 2013లో నియమాలు మార్చినప్పుడు ఎత్తేద్దామా అని ఆలోచించి మళ్లీ ఉంచేశారు. 2025 సవరణలో ఎస్ఎంఎస్‌తో చేసే అలాంటి పద్ధతి కూడా పక్కన చేరింది. తాత్కాలికం అన్నవాటికి ఉండే ఆయుష్షు ఇంకదేనికీ ఉండదు కదా.

అయినా దీన్ని నేను మరీ తిట్టను. దాని వెనక ఉన్న ఆలోచన నాకు నచ్చుతుంది, వివరాలతో చేసే పని ఎంత ప్రమాదమో చెకింగ్ అంత గట్టిగా ఉండాలని. పిల్లాడి గేమ్ స్కోరు గుర్తుపెట్టుకోవడానికీ, పిల్లాడి ఫొటో నలుగురికీ కనపడేలా పెట్టడానికీ ఒకే తాళం వేయనక్కర్లేదు. సమస్యల్లా ఎక్కడొస్తుందంటే, మొదట్లో లోపలి వాడకమే అని ఈమెయిల్‌తో సరిపెట్టుకున్న సైటు రెండేళ్ల తర్వాత వివరాలు బయటివాళ్లకు పంపే ఒక యాడ్ నెట్‌వర్క్ కోడ్ ముక్క తగిలిస్తుంది, ఆ తగిలించే డెవలపర్‌కి ఈ అనుమతి ఏ షరతు మీద తీసుకున్నారో తెలీదు, ఎవరూ చెప్పరు, ఎక్కడా రాసి ఉండదు. అప్పటికి పాత అనుమతులన్నీ చెల్లని కాగితాలు అయిపోతాయి, సైటు మాత్రం హాయిగా నడుస్తూనే ఉంటుంది.

ఇక గట్టి పద్ధతులు. 2013 మార్పులతో ప్రభుత్వ గుర్తింపు కార్డును డేటాబేస్‌తో సరిచూడటం, వీడియో కాల్, స్కాన్ చేసిన సంతకం వచ్చాయి. ఆ ఏడాది డిసెంబర్‌లో, పెద్దవాళ్లకే తెలిసే ప్రశ్నలు అడిగే పద్ధతికి కమిషన్ ఆమోదం ఇచ్చింది. 2015లో గుర్తింపు కార్డు మీద ఫొటోను అప్పటికప్పుడు తీసుకున్న సెల్ఫీతో పోల్చే పద్ధతికి ఇచ్చింది. ముఖం చూసి వయసు అంచనా వేసే సాఫ్ట్‌వేర్ కోసం ఈఎస్ఆర్‌బీ, యోటీ, సూపర్‌ఆసమ్ అనే సంస్థలు కలిసి పెట్టుకున్న దరఖాస్తును 2024 మార్చిలో ప్రస్తుతానికి వద్దని వెనక్కి పంపింది, మళ్లీ పెట్టుకునే వీలు మాత్రం ఉంచింది.

ఇవన్నీ కూడా వయసునో గుర్తింపునో తేల్చేవే అని గమనించారా? వరసను, అంటే ఈ పెద్దమనిషి ఈ పిల్లకి అమ్మో నాన్నో అవునా అన్నదాన్ని, నేరుగా పట్టుకోవాలని చూసిన ప్రయత్నం ఒకటి గుర్తుంది. అసర్ట్‌ఐడీ అనే సంస్థ 2013లో, సోషల్ నెట్‌వర్క్‌లో ఆ పెద్దవాళ్ల స్నేహితులను అడిగి "అవును, వీళ్లు ఆ పిల్లకి తల్లిదండ్రులే" అనిపించుకునే పద్ధతి ప్రతిపాదించింది. అది పనిచేస్తుందనడానికి సరిపడా ఆధారాలు చూపలేదని కమిషన్ తిరస్కరించింది. తిరస్కరించడం సరైనదే అనుకుంటాను, దొంగ అకౌంట్లు నాలుగు తెరిచి మనకి మనమే సాక్ష్యం చెప్పుకోవచ్చు. కానీ సరైన ప్రశ్న అడిగింది మాత్రం వాళ్లే.

ఆ ప్రశ్న అడక్కపోతే ఏమవుతుందో 2023 సెప్టెంబర్‌లో ఐర్లండ్ డేటా రక్షణ కమిషన్ టిక్‌టాక్‌కు 34.5 కోట్ల యూరోల జరిమానా వేసిన నిర్ణయంలో కనపడుతుంది. తప్పులు చాలా ఉన్నాయి అందులో, నాకు అన్నిటికన్నా భయం వేసింది ఫ్యామిలీ పెయిరింగ్ సంగతి. తల్లిదండ్రులు తమ అకౌంట్‌ను పిల్లల అకౌంట్‌తో కలిపి సెట్టింగ్స్ చూసుకునే సదుపాయం అది. కానీ కలిపే మనిషి నిజంగా ఆ పిల్లల తల్లో తండ్రో గార్డియనో అన్నది సరిచూసే ఏర్పాటు అప్పట్లో లేదు. అలా కలిపిన పెద్దవాళ్లు 16 ఏళ్లు పైబడిన పిల్లల అకౌంట్‌లో నేరుగా మెసేజ్‌లు వచ్చే వీలును తెరవగలిగేవాళ్లు. రక్షణ కోసం పెట్టిన తలుపు అపరిచితుడికి కూడా తెరుచుకునేదన్నమాట.

గట్టి పద్ధతులతో ఇంకో తంటా ఉంది. పిల్లాడి పేరూ మెయిలూ కాపాడటానికి మనం తల్లి ముఖం, తండ్రి గుర్తింపు కార్డు సేకరిస్తున్నాం. పోగొట్టుకుంటే ఏది ఎక్కువ నష్టమో ఆలోచించండి, మెయిల్ ఐడీ మార్చుకోవచ్చు, ముఖం మార్చుకోలేం. అందుకే ఆ గుర్తింపు వివరాలను పని కాగానే వెంటనే తుడిచేయాలని నియమం ఉంది. నియమం ఉన్నా ఇంజినీరింగ్ టీముల్లో తుడిచే పని ఎప్పుడూ "తర్వాత చూద్దాం" జాబితాలోనే ఉంటుంది, ఎందుకంటే దాన్ని ఎవరూ డెమోలో చూపించలేరు. 2023 జూన్‌లో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ అకౌంట్ల విషయంలో 2 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపణల్లో ఒకటి ఏంటంటే, 13 ఏళ్లలోపు అని పిల్లలు చెప్పిన తర్వాత కూడా ఫోన్ నంబరు అడిగి, ఆ తర్వాతే పెద్దవాళ్లను పిలవమనడం. ఇంకొకటి, తల్లిదండ్రులు ప్రక్రియ పూర్తి చేయకుండా మధ్యలో వదిలేసిన సైన్-అప్‌ల వివరాలను 2015 నుంచి 2020 దాకా దాచుకోవడం, కొన్నిటిని ఏళ్ల తరబడి. ఇదేదో పెద్ద కుట్ర అనుకోను. పెండింగ్ అని ఒక టేబుల్ ఉంటుంది, దాన్ని ఖాళీ చేసే స్క్రిప్టు ఎవరూ రాసి ఉండరు, అంతే. అనుమతి ఇవ్వని తల్లిదండ్రుల పిల్లల వివరాలే ఎక్కువ కాలం అక్కడ పడి ఉంటాయి, చిత్రం చూడండి.

అసలు వీటన్నిటికన్నా ముందు ఉండే గుమ్మం వయసు అడగడం. అక్కడే చాలా సైట్లు పిల్లలకు అబద్ధం నేర్పుతాయి. "13 ఏళ్లు నిండినవాళ్లకే" అని పైన పెద్దక్షరాల్లో రాసి కింద పుట్టిన సంవత్సరం అడిగితే, జవాబు పేపరు పైన పెట్టి పరీక్ష రాయించినట్టే. తక్కువ వయసు చెప్పినప్పుడు ఎర్రక్షరాల్లో "కుదరదు" అని చూపించి, బ్యాక్ బటన్ నొక్కి ఇంకో ఏడాది ఎంచుకోనివ్వడం కూడా అంతే. 2022లో కుర్బో అనే బరువు తగ్గే యాప్ మీద వచ్చిన కేసులో ఇదే జరిగింది. 13 అని చెబితే దాటిపోవచ్చని పిల్లలకు తెలిసేలా ఉంది దాని సైన్-అప్, వందల మంది అలా లోపలికొచ్చాక ప్రొఫైల్‌లో అసలు వయసు పెట్టుకున్నారు, అయినా అకౌంట్లు నడిచాయి. 15 లక్షల డాలర్ల జరిమానాతో పాటు ఆ పిల్లల డేటాతో తయారు చేసిన అల్గారిథమ్‌లను కూడా నాశనం చేయమన్నారు. ఈ రెండో శిక్ష నాకు చాలా నచ్చింది. జరిమానా అయితే ఖర్చు కింద రాసేసుకుంటారు, కష్టపడి తయారు చేసుకున్న మోడల్‌ను చెరిపేయమంటే మాత్రం బాధ తెలుస్తుంది.

పిల్లలొక్కళ్లే అబద్ధం చెబుతారనుకోకండి. డానా బోయిడ్, ఆవిడ తోటి పరిశోధకులు 2011లో అమెరికా తల్లిదండ్రుల మీద చేసిన సర్వేలో తేలింది ఏంటంటే, 13 నిండకుండానే ఫేస్‌బుక్‌లో ఉన్న పిల్లల్లో చాలామంది సంగతి ఇంట్లో తెలుసు, ఆ అకౌంట్ తెరవడంలో సాయం చేసింది కూడా ఇంట్లోవాళ్లే. అనుమతి తీసుకునే ఏర్పాటు పెట్టే ఖర్చు భరించలేక సైట్లు 13 లోపు వాళ్లను పూర్తిగా వద్దన్నాయి. బామ్మతోనో స్నేహితులతోనో పిల్లలు మాట్లాడాలంటే తల్లిదండ్రులకు మిగిలిన దారి పుట్టిన తేదీ మార్చడమే. నిజానికి వాళ్లు అనుమతి ఇస్తున్నట్టే లెక్క, కాకపోతే అబద్ధం రూపంలో. ఒక్కసారి 18 అని రాయించుకున్న పిల్లకి ఆ తర్వాత పిల్లల రక్షణలు ఏవీ వర్తించవు, పెద్దవాళ్ల ప్రకటనలు, పెద్దవాళ్ల సెట్టింగ్స్ అన్నీ వచ్చిపడతాయి.

ఎవరు పిల్లలో కూడా దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికాలో 13 లోపు. జీడీపీఆర్ 16 అంటుంది గానీ 13 వరకు తగ్గించుకునే స్వేచ్ఛ సభ్య దేశాలకిచ్చింది, జర్మనీ, ఐర్లండ్ 16 దగ్గరే ఉన్నాయి, ఫ్రాన్స్ 15 పెట్టుకుంది. భారతదేశపు 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో ఏకంగా 18. దాని నియమాలు 2025 నవంబర్‌లో నోటిఫై అయ్యాయి, పిల్లల అనుమతి భాగం 18 నెలల తర్వాత అమలవుతుంది. అందులో వెరిఫై చేయమన్నది ఏంటో చూస్తే, నేను తల్లినో తండ్రినో అని చెబుతున్న మనిషి గుర్తించదగిన మేజరేనా అన్నది. సైటు దగ్గర అప్పటికే ఉన్న నమ్మదగిన వివరాలతో చూసుకోవచ్చు, ఆ మనిషి స్వయంగా ఇచ్చిన వివరాలతో చూసుకోవచ్చు, లేదా డిజిలాకర్ లాంటి చోటి నుంచి వచ్చే టోకెన్‌తో చూసుకోవచ్చు. మళ్లీ అదే కథ, మేజర్ అని తేలుతుంది, అమ్మ అని తేలదు. టోకెన్ ఆలోచన మాత్రం మంచిది, గుర్తింపు కార్డు కాపీ ప్రతి సైటుకీ ఇవ్వకుండా "అవును, మేజరే" అన్న జవాబు ఒక్కటే వెళ్లేలా చేయొచ్చు.

అదే చట్టంలో ఇంకో ముక్క ఉంది, నా దృష్టిలో అనుమతి గొడవ కన్నా అదే ముఖ్యం. పిల్లలను ట్రాక్ చేయడం, ప్రవర్తనను గమనించడం, వాళ్లను గురిపెట్టి ప్రకటనలు వేయడం నిషేధం, మినహాయింపు ఇచ్చిన కొన్ని సందర్భాలు తప్ప. తల్లిదండ్రులు ఒప్పుకున్నారు కదా అంటే చెల్లదు. కొన్ని పనులకి అసలు అనుమతి అడిగే హక్కే సైటుకి ఉండకూడదు అన్న ఈ వైఖరి నాకు సరైందనిపిస్తుంది. ఆస్ట్రేలియా ఇంకా ముందుకెళ్లి 2025 డిసెంబర్ 10 నుంచి 16 ఏళ్లలోపు వాళ్లకు సోషల్ మీడియా అకౌంట్లే వద్దంది, తల్లిదండ్రులు సరే అన్నా కుదరదు. అది ఎక్కువైందని వాదించేవాళ్లూ ఉన్నారు, ఆ వాదనలో నేనిప్పుడు దిగను.

డెవలపర్‌గా నా పక్షం చెబుతాను. అనుమతి తీసుకునే ఫ్లోను అందంగా చేయడం మీద పెట్టే బుర్ర, అనుమతి అవసరం లేకుండా చేయడం మీద పెడితే సగం టెన్షన్ పోతుంది. పిల్లలాడుకునే సైట్లో అసలు పేరు దేనికి? రంగూ జంతువూ కలిపి సైటే ఒక మారుపేరు ఇవ్వొచ్చు. ఎక్కడిదాకా ఆడాడో ఆ ఫోన్‌లోనే దాచుకోవచ్చు, సర్వర్‌కి రానక్కర్లేదు. చాట్ కావాలంటే ముందే రాసిపెట్టిన మాటల్లోంచి ఎంచుకోమనొచ్చు. పుట్టిన తేదీ మొత్తం ఎందుకు, సంవత్సరం చాలు, అదీ చూసి వదిలేయొచ్చు. ఇవన్నీ చేశాక ఇంకా మిగిలిన వాటికి అనుమతి అడిగితే ఆ నోటీసు నాలుగు వాక్యాల్లో అయిపోతుంది, నాలుగు వాక్యాలైతే అమ్మ చదువుతుంది. 2025 అమెరికా సవరణలో బయటివాళ్లకు వివరాలు ఇవ్వడానికి విడిగా అనుమతి తీసుకోవాలని పెట్టారు, ఆ సేవకు అదెంతో అవసరమైతే తప్ప. అంటే గేమ్‌కి ఒప్పుకుని వివరాల అమ్మకానికి ఒప్పుకోకుండా ఉండొచ్చు. ఈ పని ఎప్పుడో జరగాల్సింది.

తల్లిదండ్రులు ఎవరన్నది కూడా ఫారంలో ఉన్నంత తేలిక కాదు. తాతయ్య దగ్గర పెరిగే పిల్లలు ఉంటారు, విడిపోయిన ఇళ్లుంటాయి, అమ్మ సరేనన్నది నాన్న వద్దంటాడు. చట్టాలు మామూలుగా ఒకరి అనుమతి చాలంటాయి, సైటుకి తీర్పు చెప్పే శక్తి లేదు కాబట్టి అదే నయం. ఇంట్లోనే ఇబ్బంది ఉన్న పిల్లలు సాయం అడిగే చోట ఇంటివాళ్ల అనుమతి అడిగితే ఇంకేమన్నా ఉందా? నేరుగా పిల్లలకే ఇచ్చే కౌన్సెలింగ్ సేవలకు తల్లిదండ్రుల అనుమతి అవసరం ఉండకూడదని జీడీపీఆర్ ఉపోద్ఘాతంలోనే రాశారు, చాలా మంచి పని.

చివరగా అందరూ మర్చిపోయేది, అనుమతి వెనక్కి తీసుకోవడం. పిల్లాడి దగ్గర ఏం వివరాలు తీసుకున్నారో చూపించమనీ, తుడిచేయమనీ అడిగే హక్కు తల్లిదండ్రులకుంది. ఎవరో మెయిల్ పెట్టి "నేను ఫలానా పాప నాన్నని, వివరాలన్నీ పంపండి" అంటే సపోర్టు డెస్కులో కూర్చున్న మనిషి ఏం చేయాలి? పంపితే ఆ పాప వివరాలు ఎవడి చేతిలో పడతాయో తెలీదు, పంపకపోతే నిజమైన తండ్రి హక్కు కాలరాసినట్టు. అనుమతి తీసుకున్న రోజున వాడిన అదే మెయిల్‌కో నంబరుకో తిరిగి కబురు పెట్టి, అక్కడి నుంచి జవాబు వస్తేనే ముందుకు వెళ్లమని నేను చెబుతుంటాను. తుడిచేయమన్నప్పుడు చూపించమన్నంత పట్టుదల అక్కర్లేదు, పొరపాటున తుడిస్తే పోయేది గేమ్ స్కోరే. తుడవడం అంటే ప్రధాన డేటాబేస్ ఒక్కటే కాదు, బ్యాకప్‌లు, అనలిటిక్స్‌కి వెళ్లిన కాపీలు, సపోర్టు టికెట్లో అతికించిన స్క్రీన్‌షాట్లు కూడా, ఆ జాబితా సైటు మొదలుపెట్టే రోజే రాసుకుంటే నయం, అడిగిన రోజున వెతకడం మొదలుపెడితే దొరకవు.